గడువులోగా బతికి ఉండవలసిన కణాలు

కాకినాడలోని రాష్ట్ర జీవకణ నిక్షేప సంస్థకు కల్లూరి దక్షిణామూర్తి గారు డైరెక్టరుగా వచ్చేనాటికి అక్కడ నాలుగు వేల మూడు వందల పదహారు ప్రాణాలు సుఖంగా ఉన్నాయి. సుఖంగా అంటే, సున్నాకు నూట తొంభై ఆరు డిగ్రీల దిగువన, ద్రవ నత్రజని నింపిన ఆరు ఉక్కు తొట్లలో, ఆకలీ దప్పికా లేకుండా, పెరగకుండా, తరగకుండా, ఎవరినీ ఏమీ అడగకుండా ఉన్నాయని అర్థం. ప్రభుత్వ భవనాల్లో ఇంత నెమ్మదస్తులైన నివాసులు దొరకడం అరుదు.

పుట్టిన బిడ్డ బొడ్డుతాడులో మిగిలిపోయే రక్తం అరగ్లాసుకు మించదు. కాని అందులో మూలకణాలనేవి ఉంటాయి. వాటిని ఒడుపుగా గడ్డకట్టించి దాచిపెడితే, ఆ ఇంట్లో మరో బిడ్డకు మంచి రక్తం తయారుకాని జబ్బు వచ్చినప్పుడు, కరిగించి ఎక్కించి, కొత్త రక్తం పుట్టించవచ్చు. కరిగించడం మాత్రం ఒక్కసారే. కరిగిన కణాలను ఆ కాసేపట్లోనే వాడుకోవాలి; పక్కన పెట్టి మళ్ళీ గడ్డకట్టిస్తే ఇక పనికిరావు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ సంస్థ గురించి తెలియవలసినదంతా తెలిసినట్టే. అక్కడ ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు.

ఆవిడ మాచిరాజు సర్వమంగళ, నిల్వల విభాగం సూపరింటెండెంటు. ఏభై రెండేళ్ళు. జీవరసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, పుస్తకాల్లో చదివినదాన్ని ఉద్యోగంలో కూడా నమ్మే అలవాటు పోగొట్టుకోలేకపోయిన మనిషి. తొట్టిలో నత్రజని రెండంగుళాలు తగ్గితే, ఇంట్లో బియ్యం నిండుకున్నంత గాభరా పడేది. మోచేతుల దాకా వచ్చే నీలం తొడుగులు వేసుకుని, ముఖానికి అద్దపు కవచం పెట్టుకుని, ఆవిడ మూత ఎత్తినప్పుడల్లా తెల్లటి పొగ పైకి లేచేది. ఆ పొగలోంచి ఆవిడ గొంతు మాత్రం వినిపించేది: "అన్నీ ఉన్నాయి. మూత వేస్తున్నాను."

దక్షిణామూర్తి గారు చెడ్డవారు కారు. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్ళు ఖజానా శాఖలో, పింఛన్ల విభాగంలో పనిచేశారు. ఏటా నవంబరు నెలలో పింఛనుదారులందరూ వచ్చి తాము బతికే ఉన్నామని రుజువు చేసుకుని, జీవన ప్రమాణ పత్రం దాఖలు చేయాలి కదా. ఆ నెల ఆయనకు పండగ. కర్రలు పొడుచుకుంటూ వచ్చిన ముసలివాళ్ళను కుర్చీలు వేయించి కూర్చోబెట్టేవారు. మజ్జిగ ఇప్పించేవారు. పేరు పేరునా క్షేమం అడిగి, "అయితే మీరు బతికే ఉన్నారన్నమాట!" అని మనసారా సంతోషించి, ముద్ర వేసేవారు. ముద్ర పడేదాకా మాత్రం ఆ సంతోషాన్ని పైకి కనబరిచేవారు కారు. ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్ళుందనగా ప్రభుత్వం ఆయనను ఇక్కడికి పంపింది. ఎందుకు పంపిందో ఆయన అడగలేదు. ఖాళీ ఉంది, ఆయన ఉన్నారు. అంతకన్నా కారణం అక్కరలేదు.

వచ్చిన వారానికి ఆయన నిల్వల పుస్తకం తెప్పించుకున్నారు. నంబరు, పేరు, తేదీ, తొట్టి, అర, అన్నీ పొందికగా ఉన్నాయి. చివరి గడి దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. "స్థితి" అన్న ఆ గడిలో పైనుంచి కింది దాకా, పేజీ తరువాత పేజీ, సర్వమంగళ గుండ్రటి దస్తూరీలో ఒకే మాట ఉంది: సజీవం.

"సజీవం అని ఎవరు చెప్పారమ్మా?" అన్నారాయన మెల్లిగా.

"దాచేటప్పుడు పరీక్షించి రాశామండి."

"అది ఏడేళ్ళ కిందటి మాట. ఈ పూట సజీవమని మీకెలా తెలుసు?"

"ఆ చలిలో వాటికి ఏమీ జరగదండి. కాలం ఆగిపోయినట్టే."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సర్వమంగళ గారూ, ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను నేర్చుకున్నది ఒకటే. బతికి ఉండడం వేరు, బతికి ఉన్నట్టు కాగితం ఉండడం వేరు. మొదటిది దైవాధీనం. రెండోది మన బాధ్యత."

అక్టోబరు ఆఖరులో ఉత్తర్వు వెలువడింది. ఆయన స్వయంగా రాసి, మూడుసార్లు దిద్ది, నాలుగోసారి మొదటిదాన్నే ఖాయం చేసినది:

"ఈ సంస్థ అధీనమునందున్న సమస్త జీవకణ సముదాయములు సజీవములని పుస్తకములందు చూపబడుచుండుటయు, అందుకు తగిన వార్షిక ధ్రువీకరణ లేకుండుటయు దృష్టికి వచ్చినది. కావున, ఒకటి: ప్రతి సముదాయమును ఏటా నవంబరు ముప్పదవ తేదీ సాయంకాలము అయిదు గంటలలోగా పరీక్షించి జీవన ప్రమాణ పత్రము జారీ చేయవలెను. రెండు: పరీక్ష పూర్ణ స్వరూపమునకే జరుగవలెను, ప్రతినిధి ద్వారా హాజరు చెల్లదు. మూడు: మైనర్ల విషయములో సంరక్షకుడు స్వయముగా హాజరు కావలెను. నాలుగు: చెల్లుబాటులోనున్న పత్రము లేనిదే ఏ సముదాయమునూ ఆవరణ దాటనీయరాదు. అయిదు: గడువులోగా పత్రము దాఖలు కాని ఎడల సదరు జీవి మృతి చెందినట్లు భావించబడును."

సర్వమంగళ దాన్ని రెండుసార్లు చదివి ఆయన గదిలోకి వెళ్ళింది.

"సార్, బతికి ఉన్నాయో లేదో చూడాలంటే కరిగించాలండి. కరిగిస్తే వాడేయాలి. లేకపోతే పోతాయి."

"చూసేటప్పటికి బతికే ఉంటాయా?"

"ఆ క్షణానికి ఉంటాయండి."

"మనకు కావలసింది ఆ క్షణమే కదమ్మా! పింఛనుదారు కూడా మా ఎదుట కూర్చున్న క్షణానికే బతికి ఉన్నట్టు రాస్తాం. గుమ్మం దాటాక ఏమవుతాడో మేము చూస్తామా?"

"ప్రతి సంచికీ గొట్టంలో ఒక చిన్న ముక్క వేరుగా దాచి ఉంటుందండి, సరిగ్గా ఇలాంటి పరీక్షకే. దాన్ని కరిగించి చూస్తే సంచి జోలికి పోనక్కరలేదు."

దక్షిణామూర్తి గారు జాలిగా నవ్వారు. "పింఛనుదారు తను రాకుండా చిటికెన వేలు పంపిస్తే ఖజానా వారు ఒప్పుకుంటారా?"

ఆ పోలికలో తప్పెక్కడుందో వివరించాలంటే ఒక సంవత్సరం పాఠం చెప్పాలి. ఆయనకు సర్వీసు రెండేళ్ళే ఉంది.

నవంబరు మొదటి వారంలో తొమ్మిది సంచులు తీశారు. అవి సంస్థ ప్రారంభించిన రోజున, యంత్రాలు పనిచేస్తున్నాయో లేదో చూడడానికి సేకరించినవి. ఎవరి పేరునా లేవు. సర్వమంగళ పట్టుబట్టి వాటితోనే మొదలుపెట్టింది. కరిగించి, నీలిరంగు చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చచ్చిన కణం ఆ రంగును పీల్చుకుని నీలంగా మారుతుంది. బతికున్నది రంగు తనకు అంటనివ్వదు. డైరెక్టరు గారు కన్ను ఆనించి చూశారు. తళతళలాడే చిన్న చిన్న గుండ్రాలు, వేలకు వేలు.

"ఆహా!" అన్నారాయన. నిజంగానే ఆయన కళ్ళు చెమర్చాయి. "ఏడేళ్ళుగా ఎవరూ మిమ్మల్ని పలకరించలేదు కదా!"

తొమ్మిది పత్రాల మీద తొమ్మిది ముద్రలు పడ్డాయి. వచ్చే నవంబరు దాకా చెల్లుబాటు. సాయంత్రానికి తొమ్మిది సంచుల్లోనూ కణాలు చచ్చిపోయాయి. వాటిని సర్వమంగళ పసుపు రంగు వ్యర్థాల డబ్బాలో వేసింది. పత్రాలను డైరెక్టరు గారు అద్దాల చట్రాల్లో బిగించి వరండాలో వరసగా తగిలించారు.

"నూటికి నూరు శాతం సజీవం," అన్నారు. "మిగతావి కూడా కానిచ్చేయండి."

"రంగు అయిపోయిందండి. ఇండెంటు పెట్టాను."

ఆ ఇండెంటును ఆవిడ ఎంత శ్రద్ధగా రాసిందంటే, రంగు సాంద్రత, సీసా మూత కొలత, చీటీ మీద అక్షరాల పరిమాణం అన్నీ అందులో ఉన్నాయి. అంత సమగ్రమైన ఇండెంటు కొనుగోళ్ళ విభాగం వారు ఎన్నడూ చూడలేదు. చూసి, పరిశీలనకు ఉపసంఘం వేశారు.

దూలం వీరభద్రం వచ్చింది నవంబరు పదిహేడున. జగన్నాథపురం వైపు చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కూతురు లాస్యకు ఆరేళ్ళు. తలసీమియా జబ్బు, పుట్టిన ఏడాది నుంచీ మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. రెండేళ్ళ కిందట కొడుకు పుట్టినప్పుడు వాడి బొడ్డుతాడు రక్తం ఇక్కడ దాచారు. అది అక్కకు అచ్చంగా సరిపోయిందని పరీక్షల్లో తేలింది. చెన్నైలో ఒక ఆసుపత్రి వారు డిసెంబరు పదిహేనుకు రోజు ఖాయం చేశారు. సంచి మూడో తారీకులోగా తమ చేతికి అందితేనే పిల్లను చేర్చుకుంటామన్నారు. అందకపోతే ఆ మంచం మరొకరిది. మళ్ళీ వంతు ఎప్పుడో చెప్పలేమన్నారు. ఎక్కించే రక్తం వల్ల పిల్ల గుండెలో అప్పటికే ఇనుము పేరుకుంటోందని కూడా అన్నారు.

"ఇదిగోనండి మేడంగారండి, ఆసుపత్రోళ్ళ ఉత్తరం. ఆళ్ళే నత్రజని డబ్బా కూడా పంపించారండి, బయట జీపులో ఉంది. సంచి ఇప్పించేత్తే ఎల్లొత్తామండి."

సర్వమంగళ ఉత్తర్వు తీసి నాలుగో అంశం చదివి వినిపించింది. రెండో అంశం కూడా. అతను నిలబడే విన్నాడు.

"అంటే, బతికుందని కాయితం ఉంటేగాని ఇవ్వరు."

"అవును."

"కాయితం కావాలంటే కరిగించాలి."

"అవును."

"కరిగిత్తే ఇంకెందుకండీ నాకది?" అతని గొంతు పెరిగింది. "నేను ఐసులో పుట్టి ఐసులో పెరిగినోణ్ణండి. చందువాని గడ్డకట్టించి, కరిగించి, మళ్ళీ గడ్డకట్టిత్తే అది చేపలాగుంటదాండీ? పిల్లికెయ్యాలి. ఈ మాత్రం మా ఫ్యాక్టరీలో తూకం ఏసేవోడిక్కూడా తెలుసు!"

"నాకూ తెలుసు వీరభద్రం గారూ."

"మరి తెలిసినోళ్ళు చెప్పొచ్చుగదండీ?"

"చెప్పాను. వేలు పంపిస్తే కుదరదన్నారు."

అతనికి ఆ మాట అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, వెటకారంగా అన్నాడు: "బాగుందండి. బతికున్నోణ్ణి పంపరు. అదే చచ్చిపోతే? శవాన్నైనా ఇంటికి తీసుకెళ్ళనిత్తారా, దానిక్కూడా బతికున్నట్టు కాయితం తెమ్మంటారా?"

సర్వమంగళ చేతిలో ఉత్తర్వు ఇంకా తెరిచే ఉంది. ఆవిడ చూపు నాలుగో అంశం మీంచి అయిదో అంశం మీదికి జారింది. అక్కడ చాలాసేపు నిలిచింది.

"వీరభద్రం గారూ," అంది చివరికి, "మీరు ఒకటో తారీకు పొద్దున్న పదిన్నరకు రండి. ఆ డబ్బా తీసుకురండి. అప్పటిదాకా మాత్రం ఈ చుట్టుపక్కల కనిపించకండి. ఎవరు పిలిచినా సరే."

"ఎవరు పిలిచినా రావొద్దాండీ?"

"నేను పిలిచినా సరే."

పన్నెండు రోజులు నిశ్చింతగా గడిచాయి. ఇరవై తొమ్మిదో తారీకు మధ్యాహ్నం దక్షిణామూర్తి గారు తామే నిల్వల గదిలోకి వచ్చారు. చేతిలో మూడు నీలం సీసాలు. ముఖంలో పెళ్ళిసంబంధం కుదిర్చిన పెద్దమనిషి కళ.

"రంగు వచ్చిందమ్మా! ఉపసంఘం వారు మీ ఇండెంటును మెచ్చుకున్నారు కూడా. చూడండి, నాకు ఆ పాప ఫైలు మొన్ననే కనిపించింది. లాస్య. ఎంత చక్కటి పేరు! అందరికన్నా ముందు ఆ సంచికే పత్రం ఇచ్చేద్దాం. నేను దగ్గరుండి చూస్తాను. రేపటితో గడువు అయిపోతే పాపం వాళ్ళు ఇబ్బంది పడతారు."

ఆయన ముఖంలో దయ తప్ప ఏమీ లేదు. ఎదిరించడానికి అందులో పట్టు ఎక్కడా దొరకదు. ఆయన అప్పటికే చేతితొడుగులు వేసుకుంటున్నారు, కుడిది ఎడమకు.

"సార్," అంది సర్వమంగళ, "మూడో అంశం."

"ఏమిటది?"

"మైనరు సార్. ఏడాది పది నెలలు. సంరక్షకుడు హాజరు కావాలి."

దక్షిణామూర్తి గారు తొడుగు తీసేశారు. "నిజమే సుమండీ. మంచి మాట గుర్తుచేశారు. పిలిపించండి మరి. ఫోను చేయండి, నేనూ మాట్లాడతాను."

తప్పలేదు. ఆవిడ ఫోను చేసి అందరికీ వినిపించేలా పెట్టింది.

"వీరభద్రం గారూ, డైరెక్టరు గారు పక్కనే ఉన్నారు. మీ అబ్బాయి సంచికి పత్రం ఇస్తామంటున్నారు. మీరిప్పుడు వెంటనే రాగలరా?"

అవతల కాసేపు ఐసు గడ్డలు పగలగొడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"నేనా అండీ? నాకు జొరమండి."

"అయ్యో," అన్నారు దక్షిణామూర్తి గారు, "ఎంత ఉంది?"

"ఎవరండీ? డైరెక్టరుగారాండీ? నమస్కారమండి. చానా ఉందండి. కాలు ఇరిగిందండి."

"జ్వరమన్నారే!"

"రెండూనండి. కాలు ఇరిగి జొరమొచ్చిందండి. మంచం మీదున్నానండి."

"ఆ చప్పుడేమిటి?"

"మంచమేనండి."

ఫోను పెట్టేశాక దక్షిణామూర్తి గారు బాధగా తల పంకించారు. మరుక్షణమే ఆయన ముఖం వికసించింది.

"పరవాలేదమ్మా. మంచం పట్టిన వారి విషయంలో మా ఖజానా శాఖలో చక్కటి సంప్రదాయం ఉంది. అధికారే వారి ఇంటికి వెళ్ళాలి. నేను ఎన్ని ఇళ్ళకు వెళ్ళానో! పదండి, ఆ సంచి ఏ పాల క్యాన్లోనో పెట్టండి, జీపు తీయిస్తాను. సంరక్షకుడి మంచం పక్కనే కరిగిద్దాం."

సర్వమంగళ తొట్టికి ఆనుకుని నిలబడింది. ఉక్కు చల్లదనం చీరలోంచి వీపుకు తగులుతోంది. సంస్థ నియమావళి ఆవిడకు కంఠతా వచ్చు. ఏడేళ్ళుగా ఆ గదిలో వేరే చదువుకునేందుకు ఏమీ లేదు. కాని ఈ గండానికి అందులో మందు లేదు. మందు ఆయన రాసిన దాంట్లోనే ఉంది.

"సంచి ఆవరణ దాటాలి కదండీ," అంది. "నాలుగో అంశం. చెల్లుబాటులో ఉన్న పత్రం లేనిదే దాటనీయరాదు."

"పత్రం ఇవ్వడానికే కదా తీసుకెళ్తున్నది?"

"ఇచ్చాక తీసుకెళ్ళాలని ఉందండి."

ఆయన ఉత్తర్వు ప్రతిని తెప్పించి చదువుకున్నారు. తాను రాసిన వాక్యంలో తానే చిక్కుకున్న మనిషికి కోపం రావచ్చు. ఆయనకు గౌరవం కలిగింది. "గట్టిగానే రాశానే!" అన్నారు, ఎవరో పరాయివాడి పాండిత్యాన్ని మెచ్చుకుంటున్నట్టు. మినహాయింపు ఇవ్వవచ్చు కదా అని ఎవరూ అనలేదు. ఆయన కూడా అనుకోలేదు. మినహాయింపు అన్న మాట ఆయన సర్వీసులో లేదు.

మూడు సీసాలూ బీరువాలోకి వెళ్ళాయి. మిగతా నాలుగు వేల మూడు వందల ఆరు సముదాయాల మాట ఎత్తితే, అన్నీ మైనర్లే, అందరికీ సంరక్షకులు కావాలి. ముప్పయ్యో తారీకు ఆదివారమైంది. సాయంత్రం అయిదు గంటలు ఎవరి ప్రమేయమూ లేకుండా దాటిపోయాయి.

డిసెంబరు ఒకటి పొద్దున్న సర్వమంగళ డైరెక్టరు గారి బల్ల మీద ఒకే ఒక కాగితం పెట్టింది. అందులో రెండు వాక్యాలు: "ఉత్తర్వులోని అయిదవ అంశము ననుసరించి, నిన్న సాయంకాలము అయిదు గంటలకు నాలుగు వేల మూడు వందల ఏడు సముదాయములు మృతి చెందినట్లు భావించబడినవి. తగు చర్య నిమిత్తము."

దక్షిణామూర్తి గారు కుర్చీలోంచి లేచారు. మళ్ళీ కూర్చున్నారు.

"అందరూనా?"

"వరండాలో ఉన్న తొమ్మిది తప్పండి."

సిబ్బందిని పిలిపించి రెండు నిమిషాలు మౌనం పాటించారు. టైపిస్టు కళ్ళు తుడుచుకుంది. ఎవరు పోయారో ఆవిడకు తరువాత చెప్పారు.

"ఇప్పుడేమిటమ్మా విధానం?" అన్నారాయన.

"మృతులకు జీవన ప్రమాణ పత్రం అవసరమా సార్?"

"ఛ ఛ, మృతులకెందుకు!"

"అయితే బంధువులు వస్తే విడుదల చేయవచ్చా?"

"విడుదల అనకూడదు. అప్పగింత అనాలి. భౌతికకాయాన్ని బంధువులకు సగౌరవంగా, ఏమాత్రం ఆలస్యం చేయకుండా అప్పగించాలి. ఆ విషయంలో అడ్డుపెట్టిన అధికారిని నేను క్షమించను."

"బంధువులు రాని వాటి మాట?"

"వచ్చేదాకా చల్లటి చోట ఉంచాలి. చెడిపోకుండా. ఎంత చల్లగా వీలైతే అంత చల్లగా." ఆయన ఆగి, కలం తీశారు. "మన తొట్లు పనికొస్తాయా?"

"పనికొస్తాయండి," అంది సర్వమంగళ.

తొట్ల గది తలుపు మీద బోర్డు ఆ పూటే మారింది. ఆరు నెలలుగా నత్రజని కోసం ఆవిడ పెట్టిన అర్జీలన్నీ పెండింగులో ఉన్నాయి. శవాగారం అత్యవసర సేవ కనుక, మధ్యాహ్నానికల్లా ట్యాంకరు వచ్చి నిలబడింది.

వీరభద్రం చెప్పిన వేళకే వచ్చాడు, జ్వరమూ లేదు, కాలూ విరగలేదు. పక్కన భార్య సత్యవేణి, ఆవిడ చంకలో కొడుకు, కొంగు పట్టుకుని లాస్య. పిల్ల బుగ్గలు పాలిపోయి ఉన్నాయి. అయినా వరండాలోని అద్దాల చట్రాలను వరసగా లెక్కపెడుతోంది.

అప్పగింత పత్రం సిద్ధమైంది. సత్యవేణి చదువుకున్నదే. తీసుకుని చదివి, పాము మీద చెయ్యి పడ్డట్టు బల్ల మీదికి విసిరేసింది.

"ఇదేంటండీ ఇది! దూలం యశ్వంత్, వయసు ఏడాది పది నెలలు, మృతుడు? నా బిడ్డ నా చంకలో ఉండగానే? నీ చేతులు పడిపోను, ఎవరండీ ఇది రాసింది?"

"సత్తేనీ, ఊరుకోవే. కాయితమే గదా."

"కాయితమేనా? నీ పేరు మీద రాయించుకో కాయితం! మంగళవారం కాదు, అమాస కాదు, పొద్దున్నే బిడ్డ పేరు మీద చావు కాయితం నేను ముట్టుకోనుగాక ముట్టుకోను. పద, ఎలిపోదాం."

"పాప సంగతి చూడవే..."

"పాపకోసం బాబుని చంపుకోమంటావా?"

లాస్య చట్రాలు లెక్కపెట్టడం మానేసి వీళ్ళ వైపు చూసింది. చంకలోని యశ్వంత్ తన మరణ పత్రాన్ని అందుకోవాలని చేతులు చాపాడు. పద్నాలుగు రోజులు కాపాడిన సంచి ఒక్క గడి దగ్గర ఆగిపోయింది.

ఇంతలో దక్షిణామూర్తి గారు గదిలోంచి వచ్చారు. ఓదార్చడానికి వచ్చారు. మృతుడి బంధువులతో ఎలా మాట్లాడాలో ఆయనకు బాగా తెలుసు.

"అమ్మా, ధైర్యం తెచ్చుకోవాలి..."

"మీరేనా అండీ రాసింది?" అంది సత్యవేణి.

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. సర్వమంగళ పత్రం తీసుకుని చూసింది. ఆవిడ కూడా పేరు గడి దగ్గర ఆలోచించలేదు. పుస్తకంలో తరువాత చేర్చిన పేరును ఉన్నది ఉన్నట్టు ఎక్కించింది. తనలో కూడా ఒక దక్షిణామూర్తి గారు కూర్చుని ఉన్నారని ఆవిడకు ఆ క్షణంలో తోచింది. సిగ్గుపడి, పత్రాన్ని నాలుగు ముక్కలు చేసింది.

"సార్, పోయినవి కణాలు కదండీ. బాబు కాదు. మృతుడి పేరు దగ్గర సంచి నంబరు రాస్తాను. నాలుగు వేల నూట రెండు. తల్లిదండ్రుల పేరు వర్తించదు. వయసు వర్తించదు."

"పేరు లేని మృతుడా?"

"మైనర్లకు పేరు పెట్టకముందే దాచాం సార్. ఆ రోజుకు ఈ బాబుకూ పేరు లేదు."

ఆయన సత్యవేణి వైపు ఒకసారి చూసి, వెంటనే ఒప్పుకున్నారు. కొత్త పత్రాన్ని ఆవిడ పైనుంచి కింది దాకా మూడుసార్లు చదివింది. కొడుకు తల చుట్టూ గుప్పిట తిప్పి దిష్టి తీసింది. అప్పుడు సంతకం పెట్టింది.

నీలం తొడుగులు వేసుకుని సర్వమంగళ తొట్టి మూత ఎత్తింది. పొగ లేచింది. లాస్య "అబ్బో" అంది. పలచటి రేకు పెట్టెలో ఉన్న సంచి మూడు సెకన్లు గాలిలో కనిపించి, ఆసుపత్రి వారి డబ్బాలోకి దిగిపోయింది. ఆవిడే మూత బిగించింది.

దక్షిణామూర్తి గారు డబ్బా మీద పూలదండ వేశారు. భౌతికకాయాన్ని జీపులో పంపడం మర్యాద కాదని, తాము కబురు చేసి పిలిపించిన పార్థివ వాహనంలోనే వెళ్ళాలని పట్టుబట్టారు. సత్యవేణి పిల్లలతో రైలుకు వెళ్ళింది. వీరభద్రం డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఆ వాహనంలో కూర్చున్నాడు. నెల్లూరు దగ్గర్నుంచి సర్వమంగళకు ఫోను చేశాడు.

"మేడంగారండి, ఎవడూ ఆపట్లేదండి! లారీలు కూడా పక్కకి తప్పుకుంటన్నాయండి. టోల్ గేటు కాడ ఒకాయన దణ్ణం పెట్టి, 'పెద్ద వయసాండీ?' అనడిగాడండి. ఏడాది పది నెలలన్నానండి. ఏడిచేశాడండి పాపం."

తెల్లారేసరికి సంచి చెన్నై చేరింది. ఆసుపత్రి వారు డబ్బా మీద దండ ఎందుకని అడిగారు. గౌరవమండి, అని చెప్పాడు.

జనవరి ఇరవై ఏడున వీరభద్రం మళ్ళీ ఫోను చేశాడు. మొదట ఏడుపు వినిపించింది.

"పట్టిందంటండి, మేడంగారండి. కొత్త రత్తం పుడతాందంటండి. ఇరవై రోజులైంది, బయట రత్తం ఒక్క చుక్క ఎక్కించలేదండి. తమ్ముడి గ్రూపులోకి మారతాందంటండి పిల్ల. నిన్న వాడిలాగే మొండికేసి ఉప్మా అవతల పడేసిందండి."

ఆవిడ ఫోను పెట్టేసి, తలుపు దగ్గరగా వేసుకుని, ఆ గదిలో ఏడేళ్ళలో మొదటిసారి కాసేపు ఏ పనీ చేయకుండా కూర్చుంది. తరువాత ఆసుపత్రి వారి ఉత్తరం కూడా వచ్చింది: కణాలు నిలదొక్కుకున్నాయి, చురుగ్గా పనిచేస్తున్నాయి.

దాన్ని ఆవిడ డైరెక్టరు గారికి చూపలేదు. చూపితే ఒక మృతుడు పనిచేస్తున్నాడని ఫైలు తెరవవలసి వస్తుంది. కాని ఆయనే పిలిచారు. నాలుగు వేల నూట రెండో నంబరు అప్పగింత ఫైలు ఇంకా మూతపడలేదు. ఒక గడి ఖాళీగా ఉంది: "భౌతికకాయము తుదకు ఎచట ఉంచబడినది."

"ఇది నింపితే గాని ఫైలు మూయకూడదమ్మా. బంధువులను అడిగారా?"

"అడిగానండి."

ఆవిడ అబద్ధం రాయలేదు. ఏనాడూ రాయలేదు. కలం తీసుకుని, గుండ్రటి దస్తూరీలో, తొందర లేకుండా రాసింది: "ఆరేళ్ళ బాలిక లాస్య ఎముకల మూలుగలో."

దక్షిణామూర్తి గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. కనుబొమలు ముడిపడ్డాయి. ఫైలును దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చదివారు. సర్వమంగళ ఆయన ముఖం వంక చూడకుండా కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

"మూలుగ," అన్నారాయన. "ఇది మన పరిధిలోకి వస్తుందా?"

"రాదండి."

ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుని సంతకం పెట్టారు.